విజయనగరంలో చిన్న కార్ ఫ్యాబ్రికేషన్ షాపు: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్లకు వెల్డింగ్, రేకు, పైపు పనులు చేసే ఇలాంటి షాపు పెట్టాలనుకునే కుర్రాళ్లు, పెట్టి ఏడాది తిరగకముందే చిక్కుల్లో పడ్డవాళ్లు, వాళ్లకు డబ్బు సర్దాలా వద్దా అని తల పట్టుకున్న తండ్రులు అడిగే సందేహాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఫోనులో ప్రతివారికీ మొదటి నుంచి చెప్పే ఓపిక తగ్గి వాటిని ఇక్కడ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

వైజాగ్ పక్కనే ఉండగా విజయనగరంలో, శ్రీకాకుళంలో ఇలాంటి షాపు నడుస్తుందా?

పార్టులు తెచ్చి అమ్మడమే పని అనుకుంటే నడవదు. కొనేవాడు మీ ముందే నిలబడి ఫోనులో ధర చూస్తాడు, లేదా వైజాగ్ ఆటోనగర్‌కు వెళ్లి వస్తాడు. నడిచేది చేతిపని. తుప్పు పట్టి ఊడిన సైలెన్సరు, విరిగిన ఇంజిన్ మౌంటింగు, కుళ్లిన ఫ్లోరు రేకు, సాలూరు ఘాటు ఎక్కిదిగే జీపులకు పగిలిన బ్రాకెట్లు రోజూ వస్తాయి. అద్దె కట్టేది ఇవే. టర్బో పని, స్టెయిన్‌లెస్ ఎగ్జాస్టు పని పేరు తెస్తాయి. మొదటి రెండేళ్లు పేరు తెచ్చే పని కోసం కూర్చుని, అద్దె కట్టే పనిని చిన్నచూపు చూసిన షాపులే ఎక్కువగా మూతపడ్డాయి.

అప్పు దొరుకుతుందా? సబ్సిడీ సంగతి ఏమిటి?

ముద్ర రుణాల్లో శిశు 50 వేల రూపాయల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు ఇస్తారు. 20 లక్షల వరకు ఉండే తరుణ్ ప్లస్, తరుణ్ అప్పు తీసుకుని సక్రమంగా తీర్చినవారికే. కొత్త యూనిట్లు పెట్టేవారికి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ పథకంలో ప్రాజెక్టు వ్యయం తయారీ యూనిట్లకు 50 లక్షలు, సేవా యూనిట్లకు 20 లక్షలు దాటకూడదు. సబ్సిడీ జనరల్ కేటగిరీకి పట్టణంలో 15 శాతం, గ్రామీణ ప్రాంతంలో 25 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు తదితరులకు పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది, ఈ సబ్సిడీ కొత్త యూనిట్లకే. ముందు షాపు తెరిచి తర్వాత దరఖాస్తు చేస్తే పని జరగదు. రెండోది, సబ్సిడీ సొమ్ము చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో మీ పేరున డిపాజిట్‌గా ఉండి, తర్వాత అప్పులో జమ అవుతుంది. కాబట్టి దాన్ని చూసుకుని మిషన్లు బుక్ చేయకండి. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో నిబంధనలు మరోసారి కనుక్కోండి.

ఐటీఐ చాలా, ఇంజినీరింగ్ కావాలా?

ఐటీఐ చాలు. వెల్డర్, ఫిట్టర్ ట్రేడుల్లో ఏది చదివినా సరే. వెర్నియర్ చదవడం, పైపు వంపు లెక్క కట్టడం, వైరింగ్ చిత్రం అర్థం చేసుకోవడం వచ్చి ఉండాలి. డిగ్రీ గోడకు తగిలిస్తే పెట్టుబడి పెట్టిన మామగారు సంతోషిస్తారు.

## షెడ్డు, కరెంటు, పనిముట్లు

షెడ్డు ఎక్కడ, ఎలా ఉండాలి?

ఇళ్ల మధ్య వద్దు. గ్రైండరు మోత మొదలైన వారానికే పక్కింటివారు మున్సిపల్ ఆఫీసు మెట్లు ఎక్కుతారు. రోడ్డు మట్టం కన్నా నేల ఎత్తుగా ఉన్న చోటు చూడండి, బండి తిప్పుకోవడానికి ముందు జాగా ఉండాలి. మన తీరంలో తుపాను మాట మరవకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఏం చేశాయో ఇక్కడ అందరికీ తెలుసు. తిత్లీ అయితే పలాస దగ్గరే తీరం దాటింది. పైరేకులు బిగించే హుక్కుల దగ్గర పిసినారితనం చేయకండి. వెల్డింగ్ మిషన్లు, ఎలక్ట్రానిక్ సామాను నేల మీద కాకుండా నడుము ఎత్తు బల్ల మీద పెట్టండి. అద్దె ఒప్పందంలో రేకుల మరమ్మతు ఎవరి ఖర్చో రాయించుకోండి.

సింగిల్ ఫేజ్ కరెంటుతో నెట్టుకురావచ్చా?

చిన్న మిగ్ మిషను (తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్ మిషను), గ్రైండరు వరకు రావచ్చు. పెద్ద కంప్రెసరు, బండ్లు ఎత్తే లిఫ్టు, అల్యూమినియం టిగ్ (తీగ చేత్తో అందించే వెల్డింగ్) కలిపి నడపాలంటే త్రీ ఫేజ్ కావాలి. మన రెండు జిల్లాలకూ సరఫరా విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌దే. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే, ఆ షెడ్డుకు ఎంత లోడు ఇస్తారో సెక్షన్ ఆఫీసులో అడగండి. వోల్టేజీ ఊగిసలాడే చోట ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మిషన్ల బోర్డులు త్వరగా పోతాయి. మిషన్లు కొన్న రోజే స్టెబిలైజరు కూడా కొనండి. ఎర్తింగ్ గొయ్యిలో ఎండాకాలం నీళ్లు పోయించడం ఒకరికి అప్పగించండి.

ముందు మిగ్ కొనాలా, టిగ్ కొనాలా?

మిగ్. కారు బాడీ రేకు చాలా చోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దానికి 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల తీగ వాడాలి. గ్యాసు ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం అయితే చిమ్మడం తగ్గుతుంది. వట్టి కార్బన్ డయాక్సైడ్ చౌకే గానీ, మిగిలిన డబ్బు చిమ్మిన చుక్కలు గ్రైండ్ చేసే కూలికి పోతుంది. రేకు మీద గీత గీసినట్టు ఒకే ఊపులో వెల్డ్ లాగకూడదు. ఒక చుక్క ఇక్కడ, ఇంకొకటి జానెడు అవతల, మళ్లీ మధ్యలో ఒకటి వేస్తూ చల్లారనిస్తూ పోవాలి. లేకపోతే రేకు ఉబ్బి, టింకరింగ్ మేస్త్రికి రెండింతలు ఇవ్వాల్సి వస్తుంది.

టిగ్ అవసరం స్టెయిన్‌లెస్, అల్యూమినియం పనితో మొదలవుతుంది. అల్యూమినియం కావాలంటే ఏసీ కరెంటుతో కూడా వెల్డ్ చేసే మిషనే తీసుకోవాలి. డీసీ మాత్రమే ఉన్నదాన్ని చౌకగా వస్తోందని కొని, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు అల్యూమినియం ట్యాంకు ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నవాళ్లు ఉన్నారు. 304 రకం స్టెయిన్‌లెస్ పైపును ఈఆర్308ఎల్ రకం ఫిల్లరు తీగతో వెల్డ్ చేస్తాం. అప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి. నింపకపోతే బయట గీత నీలం, బంగారు రంగుల్లో మెరుస్తుంది, లోపల మాత్రం నల్లగా పొక్కి గరుకు తేలుతుంది. పగులు మొదలయ్యేది అక్కడే. పని నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట, ఒక అతుకును నిలువునా కోసి లోపల చూడమని.

లిఫ్టు కొనే స్తోమత లేదు. బండి కింద నిలబడి పని చేసేందుకు గొయ్యి తవ్వించుకోవచ్చా?

తవ్వించుకోవచ్చు, అయితే గొయ్యిలో రెండు ప్రమాదాలు ఉన్నాయి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. వెల్డింగ్‌కు వాడే ఆర్గాన్ గ్యాసు కూడా అంతే. దానికి వాసన ఉండదు, ఊపిరి ఆడటం లేదని మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. అందుకే గొయ్యిలో వెల్డింగ్ వద్దు. అడుగు నుంచి గాలి లాగే ఏర్పాటు ఉండాలి. వానాకాలంలో ఊటనీరు వచ్చే నేల అయితే గొయ్యి ఆలోచన మానుకుని, నాలుగు మంచి జాకీ స్టాండ్లు కొనండి. ఇటుకల మీద, చక్రాల రిమ్ముల మీద బండి నిలబెట్టి కిందకు దూరే పని ఎవరు చేసినా షాపు నుంచి పంపించేయాలి.

సముద్రపు గాలికి చేసిన పని తుప్పు పడుతోంది. ఏం చేయాలి?

భోగాపురం, కళింగపట్నం వైపు బండ్లకు ఇది తప్పని బాధ. గ్రైండ్ చేసిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. అదే రోజు ప్రైమరు పడాలి. బాడీలో డొల్లగా ఉండే పెట్టె సెక్షన్ల లోపల మైనం లాంటి తుప్పు నిరోధకం కొట్టాలి, అడుగున నీరు కారే రంధ్రాలు మూయకూడదు. కంప్రెసరు ట్యాంకులో నీరు రోజూ వదలండి. మన తేమకు అది వదలకపోతే పెయింటు గన్నులోంచి ఆ నీళ్లే వస్తాయి.

## కాగితాలు, చట్టం

ఏయే రిజిస్ట్రేషన్లు కావాలి?

మున్సిపాలిటీ లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ దగ్గర షాపు నమోదు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు). ఉద్యమ్ పూర్తిగా ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు. దానికి వేలు అడిగే మధ్యవర్తికి దండం పెట్టి పంపండి. పెయింటింగ్ బూత్ పెడితే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గురించి ముందే అడగాలి.

జీఎస్టీలో చాలామంది పొరబడేది ఒకటే. వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి ఏడాదికి 40 లక్షలు. పార్టు అమ్మి, బిగించి, కూలి కూడా తీసుకునే మనకు సేవ కలిసింది కాబట్టి 20 లక్షలే పరిమితి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నీ 18 శాతం కిందికి వచ్చాయి. పాత 28 శాతం రేటుతో ఎవరైనా కొటేషన్ ఇస్తే సరిచేయించండి.

బండిని మార్చితే కేసు ఎవరి మీద పడుతుంది, ఓనరు మీదా నా మీదా?

ఇద్దరి మీదా పడవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేసుకున్న ఓనరుకు ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నిబంధనలకు విరుద్ధంగా బండిని మార్చే డీలరుకు బండికి లక్ష రూపాయలు, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. ఈ చట్టం డీలర్ల లెక్కలో బండ్లు రిపేరు చేసేవాళ్లను కూడా చేర్చింది. నేను బిగించాను అంతే, ఓనరు అడిగాడు అన్న వాదన నిలవదు.

మరి చేయదగిన పని ఏముంది? బోలెడు ఉంది. కంపెనీ కొలతలకు తిరిగి తెచ్చే మరమ్మతు, అదే మోడల్ పై వేరియంటుకు కంపెనీయే ఇచ్చిన చక్రాలు, మంచి బ్రేకు ప్యాడ్లు, బుష్‌లు, రేడియేటర్లు, తుప్పు పని. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ బిగించడం లాంటివి ఆర్‌టీవో దగ్గర ఆర్‌సీలో ఎక్కించుకుని చేయాలి. రంగు మార్పు కూడా ఆర్‌సీలో ఎక్కాల్సిందే.

బుల్ బార్ (బంపరు ముందు బిగించే ఇనుప చట్రం) కోసం రోజూ అడుగుతున్నారు. పెట్టవచ్చా?

వద్దు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటిపై చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. కారు ముందు భాగం గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగేలా తయారవుతుంది. చాసిస్‌కు నేరుగా బిగించిన ఇనుప చట్రం ఆ దెబ్బను లోపలికి పంపుతుంది, ఎయిర్‌బ్యాగు సెన్సార్ల లెక్క కూడా తప్పుతుంది. రోడ్డు దాటే మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. గేదెలు అడ్డొస్తాయి కదా అంటారు. హెడ్‌లైట్లు సరిచేసి ఇవ్వండి, గేదె ముందే కనబడుతుంది.

సైలెన్సరు సౌండు పెంచమంటే?

శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 10 వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు అనర్హత. పొగలోని విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు, బీఎస్6 డీజిలు బండ్లలో మసిని పట్టే డీపీఎఫ్ తీసేయమని అడిగినా ఇదే సమాధానం. రోడ్డు మీద తిరిగే బండికి ఆ పని చేయం అని బోర్డు రాసి పెట్టండి, వాదన సగం తగ్గుతుంది.

రేసు కోసమే అని కస్టమరు చేత రాయించుకుంటే సరిపోతుందా?

సరిపోదు. బండికి నంబరు ప్లేటు ఉండి, దాన్ని నడుపుకుంటూ షాపుకు వచ్చి నడుపుకుంటూ వెళ్తే అది రోడ్డు బండే. ట్రాక్, ర్యాలీ బండ్లకు దేశంలోని మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ నియమాలు వేరే ఉన్నాయి. అలాంటి బండి ట్రక్కు మీద వస్తుంది.

## కస్టమరు, బేరం, బిల్లు

గంట కూలి ఎంత పెట్టాలి?

పక్క షాపు ఎంత తీసుకుంటున్నాడని కాదు, మీ ఖర్చు ఎంత అని చూడాలి. ఉదాహరణకు అద్దె 15 వేలు, కరెంటు 8 వేలు, ఇద్దరు పనివాళ్లకు 40 వేలు, అప్పు వాయిదా 12 వేలు, గ్యాసు, తీగ, డిస్కులు 10 వేలు, మీ ఇంటి ఖర్చు 30 వేలు అనుకుందాం. మొత్తం 1,15,000. ఇద్దరు మనుషులు 26 రోజులు, రోజుకు 8 గంటలు అంటే 416 గంటలు. ఇందులో బిల్లుకు ఎక్కేది సగం ఉంటే గొప్ప. మిగతాది సామాను కోసం తిరగడం, శుభ్రం చేయడం, కస్టమరుతో టీ తాగడం. అంటే 208 గంటలు. గంటకు 553 రూపాయల దగ్గర లాభం సున్నా. మూడొందలకు పని ఒప్పుకున్న రోజు, కస్టమరు బండికి మీ జేబులోంచి డబ్బు పెడుతున్నట్టే. చాలామంది తమ ఇంటి ఖర్చు అన్న వరుసను లెక్కలో వేయరు. అందుకే రెండేళ్లు బాగా నడిచింది అనుకున్న షాపు ఇంట్లో బంగారం మాత్రం బ్యాంకులో తాకట్టులో ఉంటుంది.

అడ్వాన్సు ఎంత అడగాలి?

సామాను ఖర్చు మొత్తం ముందే. కూలి పని పూర్తయ్యాక. ప్రత్యేకంగా తెప్పించిన పార్టు వెనక్కి తీసుకోం అని రసీదు మీదే ఉండాలి. సంక్రాంతికి ముందు బండి కావాలని డిసెంబరు ఆఖరులో వచ్చేవాళ్లకు తేదీ మాట ఇవ్వకండి. ఆ రోజుల్లో లేత్ షాపులో, పెయింటు దగ్గర, కొరియరులో అందరూ క్యూలోనే ఉంటారు.

బండి తీసుకునేటప్పుడు ఏం రాసుకోవాలి?

కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు ఎక్కడుందో, వెలుగుతున్న హెచ్చరిక లైట్లు, గీతలు, అడుగున ఉన్న తుప్పు. నాలుగు వైపులా, కింద నుంచి ఫొటోలు తీసి అప్పుడే కస్టమరుకు పంపండి. డాష్‌బోర్డులో దేవుడి బొమ్మ వెనక వాళ్లు దాచిన డబ్బు ఉంటే ముందే ఇచ్చేయండి.

ఆన్‌లైన్‌లో తానే కొన్న పార్టు బిగించమంటే?

బ్రేకు, స్టీరింగు, సస్పెన్షన్ పార్టులైతే వద్దు. నకిలీ ప్యాడు డబ్బా అసలు డబ్బా కన్నా అందంగా ఉంటుంది. మిగతావి బిగించండి, కూలికి మాత్రమే పూచీ అని రాసి.

బావమరిది స్నేహితుడు తగ్గించమంటున్నాడు. ఏం చేయాలి?

తగ్గించాలనిపిస్తే బిల్లులో పూర్తి ధర రాసి, కింద తగ్గింపు అని వేరే వరుసలో చూపించండి. వచ్చేసారి అసలు ధర ఏమిటో వాళ్లకు గుర్తుంటుంది.

## పని మీద ఉన్నప్పుడు

కారు మీద వెల్డింగ్ చేసే ముందు ఏం జాగ్రత్త పడాలి?

బ్యాటరీ రెండు తీగలూ విప్పాలి. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే చోటుకు దగ్గరగా, రంగు గీకిన ఇనుముకే పట్టించాలి. దూరంగా పట్టిస్తే కరెంటు బేరింగులు, సెన్సార్ల గుండా దారి వెతుక్కుంటుంది. కార్పెట్టు, సౌండు షీటు తీసి, లోపలివైపు ఒకరిని తడి గుడ్డతో నిలబెట్టండి. జింకు పూత ఉన్న రేకును గ్రైండ్ చేయకుండా వెల్డ్ చేస్తే ఆ పొగకు సాయంత్రం చలిజ్వరం వస్తుంది. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరు చల్లిన చోట వెల్డింగ్ పెడితే విషవాయువు పుడుతుంది, అది ప్రాణాంతకం. ఆక్సిజన్ రెగ్యులేటరుకు నూనె చేయి తగలనివ్వకండి. సిలిండర్లు గొలుసుతో నిలువుగా కట్టి ఉంచండి.

వెల్డ్ చేసిన సైలెన్సరు మళ్లీ అక్కడే పగులుతోంది. ఎందుకు?

వెల్డ్ బలం చాలక కాదు, బిగువు ఎక్కువై. ఇంజిను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఊగుతుంది, సైలెన్సరు బాడీకి వేలాడుతుంది. మధ్యలో ఉన్న, వంగే జాలీ పైపు ఆ ఊపును మింగాలి. పాత జాలీ పైపు చిరిగిందని తీసేసి, దాని బదులు వంగని పైపు అతికిస్తే ఆ ఊపంతా ఫ్లాంజి (పైపు చివర బోల్టులు పట్టే అంచు) దగ్గరి అతుకు మీద పడుతుంది. పగులు సరిగ్గా వెల్డు అంచున, పైపు పక్క నుంచి వెంట్రుకలా మొదలవుతుంది.

రెండో కారణం పని చేసే వరుస. పైపును చేత్తో లాగి పట్టుకుని పూర్తి వెల్డ్ చేస్తే, వదిలిన క్షణం నుంచీ అది తిరిగి తన చోటుకు పోవాలని చూస్తూనే ఉంటుంది. ముందు అన్ని రబ్బరు హ్యాంగర్లకు వేలాడదీయాలి, ఫ్లాంజి బోల్టులు వదులుగా పెట్టాలి, చుక్క వెల్డులతో నిలపాలి. ఇంజిను స్టార్టు చేసి, ఒకరు యాక్సిలరేటరు తొక్కుతుంటే కింద నుంచి చూడాలి. ఎక్కడా బాడీకి తగలకపోతే, రబ్బర్లు పక్కకు లాగకుండా ఉంటే, అప్పుడు విప్పి బల్ల మీద పూర్తి వెల్డ్.

పెద్ద సైలెన్సరు పైపు, కోన్ ఆకారపు గాలి ఫిల్టరు వేస్తే పవర్ పెరుగుతుందా?

టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజినుకు పెరిగేది స్వల్పం. పైపు మరీ పెద్దదైతే వాయువుల వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎంలో లాగే శక్తి పడిపోతుంది. ఊళ్లో మనం నడిపేది ఆ ఆర్‌పీఎంలోనే. తెరిచి ఉన్న కోన్ ఫిల్టరు బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది. వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ. మన మే నెలలో కంపెనీ ఫిల్టరు డబ్బాయే నయం, ఎందుకంటే దాని ముక్కు బయటి గాలి వైపు ఉంటుంది.

స్ప్రింగు ఒక చుట్టు కోసి బండి కిందికి దించమంటున్నారు.

చేయకండి. కోసిన చోట స్ప్రింగు కప్పులో సరిగా కూర్చోదు, గుంతలో చక్రం వేలాడినప్పుడు జారి పక్కకు పోవచ్చు. అగ్గితో కోస్తే ఆ ఉక్కు పదునే పోతుంది.

టైరు సైజు ఎంతవరకు పెంచవచ్చు?

మొత్తం వ్యాసం కంపెనీ సైజుకు దగ్గరగా ఉండాలి. మూడు శాతం దాటితే స్పీడోమీటరు, ఏబీఎస్ లెక్కలు తేడా వస్తాయి, ఫెండరుకు రాచుకుంటుంది. 165/80 ఆర్14 వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు, 185/65 ఆర్15 సుమారు 622. ఇది సరిపోయింది. అదే 205/65 ఆర్15 అయితే 647 దాటుతుంది, వద్దు. రిమ్ము మధ్య రంధ్రం హబ్బు కన్నా పెద్దదైతే సరిపడే రింగు వేయాలి. లేకపోతే హైవే ఎక్కగానే స్టీరింగు వణుకుతుంది, అలైన్‌మెంటు చేసినవాడిని తిడతారు.

అరకు ఘాటు దిగేటప్పుడు బ్రేకు పట్టడం లేదంటూ పెద్ద డిస్కులు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ముందు బ్రేకు ఆయిలు మార్చండి. డాట్ 4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. శృంగవరపుకోట నుంచి అరకు పోయి వచ్చే బండి, దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెడితే ఆ వేడి వస్తుంది. ఆయిలు మరిగి బుడగలు పుట్టి పెడలు నేలకు దిగుతుంది. కొత్త ఆయిలు, మంచి ప్యాడ్లు, కాలిపర్ పిన్నులకు గ్రీజు, ఎక్కిన గేరులోనే దిగమని ఒక మాట. పది మందిలో తొమ్మిది మందికి పెద్ద డిస్కు అక్కర్లేదు. అవసరం లేనిది అమ్మకపోతే వాళ్లు సైలెన్సరు పనికి మీ దగ్గరికే వస్తారు.

రోజూ నడిపే కారుకు రోల్ కేజ్ (బండి బోల్తా పడినా లోపలివారు నలగకుండా వేసే పైపు చట్రం) పెట్టవచ్చా?

పెట్టకూడదు. హెల్మెట్ లేని తలకు ఆ పైపే మొదటి శత్రువు. ర్యాలీ బండికైతే అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ కొలతలు ఉన్నాయి: సీమ్ లేని కోల్డ్ డ్రాన్ కార్బన్ ఉక్కు పైపు, సీట్ల వెనక విల్లులా వంచి నిలిపే ప్రధాన పైపుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం, లేదా 50 వ్యాసం, 2.0 మందం. గేట్లకు వాడే పైపుతో చేసినది అలంకారమే.

చిన్న కుర్రాణ్ణి పనికి పెట్టుకోమంటున్నారు. పెట్టుకోవచ్చా?

14 ఏళ్ల లోపు పిల్లలను పనికి పెట్టుకోవడం నేరం. 14 నుంచి 18 లోపు వారిని ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. గ్రైండరు, వెల్డింగ్, గ్యాసు ఉన్న చోట 18 నిండాకే రమ్మనండి.

## బండి అప్పగించాక

పనికి గ్యారంటీ ఎంత ఇవ్వాలి?

మన వెల్డు మన చేతిలో ఉంది, దానికి ఏడాది ధైర్యంగా ఇవ్వవచ్చు. పార్టుకు తయారీదారు ఇచ్చేదే. ఈసీయూ రీమ్యాప్ చేసిన, అంటే ఇంజిను కంప్యూటరు సెట్టింగులు మార్చిన బండికి కంపెనీ వారంటీ పోవచ్చని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. అసలు మ్యాపు ఫైలు ఒక కాపీ దాచి, ఒకటి కస్టమరుకు ఇవ్వండి.

ఇన్సూరెన్స్ గురించి కస్టమరుకు ఏం చెప్పాలి?

మార్పు చేసిన సంగతి పాలసీ ఇచ్చినవారికి రాతలో తెలియజేయమనాలి, అవసరమైతే అదనపు ప్రీమియం కట్టమనాలి. చెప్పకుండా ఉంటే ప్రమాదం జరిగినప్పుడు సర్వేయరు మొదట చూసేది అదే. మీ బిల్లులో పార్టు పేరు, ధర విడిగా ఉంటే వాళ్లకు పని సులువు.

పని అయ్యాక బండి తీసుకెళ్లకుండా నెలలు వదిలేస్తే?

జాబ్ కార్డు మీద కస్టమరు సంతకం పెట్టే చోటుకు పైనే, పని పూర్తయిందని తెలిపిన వారం తర్వాత రోజుకు ఇంత నిలుపు అద్దె అని ముద్రించండి. పని పూర్తయిన రోజు ఫోను చేయడంతో ఆగకుండా సందేశం పంపండి, అది సాక్ష్యంగా ఉంటుంది. నెల దాటితే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు. బండిని మీ అంతట మీరు అమ్మేయడం, పార్టులు పీకి వేరే బండికి వేయడం చేయకండి, తప్పు మీ వైపుకు తిరుగుతుంది. వారానికి ఒకసారి ఇంజిను స్టార్టు చేయించి, తేదీ రాసి పెట్టండి.